19 ఏళ్లకే తాగారు, ప్రాణాపాయంలో పడ్డారు.. 911కి ఫోన్ చేస్తే కేసు పెడతారా? అమెరికాలో ‘మెడికల్ ఆమ్నెస్టీ’ చట్టాలు ఏం చెబుతున్నాయి

అమెరికాలో 21 ఏళ్లు నిండనివారు మద్యం కొనడం, దగ్గర ఉంచుకోవడం చట్టవిరుద్ధం. ఓ పార్టీలో 19 ఏళ్ల కుర్రాడు అతిగా తాగి స్పృహ తప్పాడనుకుందాం. పక్కనున్న స్నేహితుడిదీ అదే వయసు, అతనూ తాగాడు. మనకు 108 ఎలాగో అక్కడ 911 అలాగ. ఫోన్ చేస్తే అంబులెన్స్‌తోపాటు పోలీసులూ రావచ్చు. చేయకపోతే స్నేహితుడి ప్రాణం పోవచ్చు.

ఆ సమయంలో కేసు భయంతో వెనకాడకుండా చూసేందుకే ‘మెడికల్ ఆమ్నెస్టీ’ చట్టాలు వచ్చాయి. వైద్య సాయం కోసం ఫోన్ చేసినవారిపై, వయసు చాలకుండా తాగారన్న కారణంతో కేసు పెట్టకూడదన్నది వీటి సారాంశం.

ఎలా మొదలైంది?

తాగేందుకు కనీస వయసును 21 ఏళ్లు చేయని రాష్ట్రాలకు హైవే నిధుల్లో కోత పెడతామంటూ 1984లో అమెరికా కేంద్ర ప్రభుత్వం చట్టం తెచ్చింది. నాలుగేళ్లలో రాష్ట్రాలన్నీ దారికొచ్చాయి. కానీ కాలేజీ కుర్రాళ్లు తాగడం మానలేదు. తలుపులు వేసుకుని తాగడం మొదలుపెట్టారు. ఏదైనా జరిగితే బయటికి చెప్పడానికి జంకడం దాంతోపాటే వచ్చింది.

కార్నెల్ యూనివర్సిటీ 2002లో ఓ నిబంధన తెచ్చింది. తాగి ప్రమాదంలో పడిన విద్యార్థి కోసం సాయం కోరితే క్రమశిక్షణ చర్యలుండవు, ఆ తర్వాత కౌన్సెలింగ్ ఉంటుంది. ఆ తర్వాత అక్కడ జరిగిన అధ్యయనంలో అంబులెన్స్ కోసం ఫోన్లు పెరిగాయని, ‘మావాడు ఇరుక్కుంటాడేమో’ అనే భయంతో ఊరుకున్నామని చెప్పేవారు తగ్గారని తేలింది. రాష్ట్రాల్లో కొలరాడో 2005లోనే చట్టం చేసింది. 2011లో పెన్సిల్వేనియా, టెక్సస్, మరుసటి ఏడాది మిషిగన్ అదే బాట పట్టాయి. ఇప్పుడు అత్యధిక రాష్ట్రాల్లో ఏదో ఒక రూపంలో ఈ రక్షణ ఉంది.

చట్టం ఉన్నా ఫోన్ ఎందుకు వెళ్లలేదు?

2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీ విద్యార్థి తిమోతీ పియాజాను ఓ ఫ్రటర్నిటీలో, అంటే విద్యార్థి సంఘం ఉండే ఇంట్లో, చేరిక తంతు పేరుతో విపరీతంగా తాగించారు. అతను బేస్‌మెంట్ మెట్ల మీద నుంచి పడిపోయాడు. 911కి ఫోన్ వెళ్లింది మరునాడు ఉదయం, దాదాపు 12 గంటల తర్వాత. అతను బతకలేదు. వయసు 19.

అప్పటికి పెన్సిల్వేనియాలో ఆమ్నెస్టీ చట్టం వచ్చి ఆరేళ్లు. అయితే ఆ చట్టం మాఫీ చేసేది వయసు చాలకుండా తాగిన చిన్న నేరాన్నే. ర్యాగింగ్ చేసినందుకు, మైనర్లకు మద్యం పోసినందుకు పడే కేసులకు అందులో రక్షణ లేదు. ఈ చట్టాల అసలు బలహీనత ఇదే. అలాంటి గదిలో అందరికంటే ఎక్కువగా భయపడేది మద్యం తెచ్చినవారు, తాగించినవారు. ఫోన్ ఎవరు చేయాలన్నది తేల్చేదీ చాలాసార్లు వాళ్లే. పియాజా పేరుతో 2018లో తెచ్చిన ర్యాగింగ్ నిరోధక చట్టంలో, సాయం కోసం ఫోన్ చేసినవారికి ర్యాగింగ్ కేసుల నుంచీ రక్షణ చేర్చారు.

షరతులేంటి?

రాష్ట్రాన్ని బట్టి మారతాయి. టెక్సస్‌లో మొదట ఫోన్ చేసినవారికే రక్షణ. సాయం వచ్చేదాకా అక్కడే ఉండాలి, వైద్య సిబ్బందికి, పోలీసులకు సహకరించాలి. తన కోసం తానే ఫోన్ చేసుకున్నా వర్తిస్తుంది. కాలిఫోర్నియాలోనూ దాదాపు ఇవే షరతులు. పెన్సిల్వేనియాలో పేరు చెప్పాలి. న్యూజెర్సీ కాస్త ఉదారం, ఫోన్ చేసినవారితో కలిసి సాయపడిన మరో ఒకరిద్దరికీ వర్తిస్తుంది. అంబులెన్స్‌కు ఫోన్ చేసి జారుకుంటే రక్షణ పోయినట్లే.

తెలుగు విద్యార్థులు గమనించాల్సింది

మన దగ్గర్నుంచి మాస్టర్స్‌కు వెళ్లేవారిలో చాలామందికి 21 దాటి ఉంటుంది. చిక్కు అక్కడే ఉంది. 23 ఏళ్ల రూమ్మేట్ బీర్లు కొనిస్తే 19 ఏళ్ల తమ్ముడు తాగాడనుకోండి. తమ్ముడికి ఆమ్నెస్టీ ఉంది, కొనిచ్చిన అన్నకు లేదు. టెక్సస్‌లో మైనర్‌కు మద్యం ఇవ్వడం క్లాస్ ఏ మిస్‌డిమీనర్, ఏడాది వరకు జైలు పడవచ్చు. అయినా ఫోన్ చేయడమే మేలు. కుర్రాడు చనిపోతే ఎదురయ్యే కేసులు ఇంతకంటే తీవ్రమైనవి.

ఇంకో పొరపాటు అంతకన్నా ఖరీదైనది. అంబులెన్స్ బిల్లు వందల నుంచి వేల డాలర్ల దాకా అవుతుందని, తామే కారులో ఆసుపత్రికి తీసుకెళదామనుకుంటారు. బిల్లు భయం అబద్ధం కాదు, ఆమ్నెస్టీ చట్టం దాన్ని రద్దు చేయదు. కానీ తాగి కారు తీస్తే ఈ చట్టాలేవీ కాపాడవు. డ్రైవింగ్ విషయంలో 21 లోపు వారికి పరిమితి దాదాపు సున్నా. తాగి నడుపుతూ అరెస్టయితే, నేరం రుజువు కాకముందే వీసా రద్దు చేసే అధికారం 2015 నుంచి కాన్సులర్ అధికారులకు ఉంది. 911కి ఫోన్ చేసి ఇంట్లో కూర్చున్న విద్యార్థికి లేని ముప్పు, స్టీరింగ్ పట్టినవాడికి ఉంది.

ఇంట్లో తెలుస్తుందా అన్నది మరో భయం. 21 లోపు విద్యార్థి మద్యం నిబంధనలు ఉల్లంఘిస్తే తల్లిదండ్రులకు చెప్పేందుకు యూనివర్సిటీలకు 1998 నుంచి చట్టం అనుమతిస్తోంది, తప్పనిసరి మాత్రం కాదు. రాష్ట్ర చట్టం వేరు, యూనివర్సిటీ క్రమశిక్షణ వేరు. మీ క్యాంపస్‌లో ఆమ్నెస్టీ ఉందో లేదో స్టూడెంట్ హ్యాండ్‌బుక్‌లో చూసుకోవాలి.

ఎప్పుడు ఫోన్ చేయాలి?

‘పడుకుంటే దిగిపోతుంది’ అనేది ప్రమాదకరమైన మాట. తాగడం ఆపేసిన తర్వాత కూడా కడుపులో ఉన్న మద్యం రక్తంలోకి వెళుతూనే ఉంటుంది. కాబట్టి నిద్రలోనే పరిస్థితి విషమించవచ్చు. ఒంటి మీద నీళ్లు పోయడం, కాఫీ తాగించడం పనికిరావు. తట్టి లేపినా లేవకపోవడం, నిమిషానికి 8 కంటే తక్కువసార్లు ఊపిరి తీసుకోవడం, ఊపిరికీ ఊపిరికీ మధ్య 10 సెకన్లు దాటడం, ఒళ్లు చల్లబడటం, పెదవులు నీలంగా మారడం.. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా చాలు, ఫోన్ చేయాలి.

మొదట అడ్రస్ చెప్పండి, అపార్ట్‌మెంట్ నంబర్‌తో సహా. ఎంత తాగారో, ఇంకేమైనా మాత్రలు వేసుకున్నారో దాచకండి. వాంతి ఊపిరితిత్తుల్లోకి పోకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఆపరేటర్ చెప్పేవరకు లైన్ కట్ చేయకండి.