మట్టి కుప్పల కింది ఊళ్ల బాసర ప్రకటన

బొగ్గు గనుల మట్టి డంపుల వాలు మీద, నీటి కాలువల మీద జరిగిన సమీక్షలో మాకు చోటు లేదన్నారు. ఇది సాంకేతిక విషయమట, ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడో అయిపోయిందట. కుప్ప జారితే ఎవరి చేను మీద పడుతుందో వాళ్లను గుమ్మం బయట నిలబెట్టి, కుప్ప పదిలంగా ఉందని లోపల రాసుకున్నారు. ఆ సమీక్ష జరిపిన కార్యాలయం పేరు ఇక్కడ రాయడం లేదు. అలాంటి గుమ్మాలు ఒకటి రెండు కాదు. రామగుండం, మంథని, శ్రీరాంపూర్, ఇందారం వైపు ఓపెన్‌కాస్టు గనుల (ఓసీపీల) అంచున బతికే మేము బాసరలో కూర్చుని ఈ ప్రకటన రాయడానికి కారణం ఉంది. కందకుర్తి దగ్గర తెలంగాణలోకి వచ్చిన గోదావరి ఇక్కడికి చేరేసరికి ఇంకా బొగ్గు గనుల మొహం చూడలేదు. మా దగ్గర బొగ్గు పైనుంచి తీసి పోసిన ఓబీ మట్టిని మోసుకొచ్చే ఒర్రెలన్నీ చివరికి కలిసేది ఈ నీళ్లలోనే.

నియమాలు లేవని మేము అనడం లేదు. 2017 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం డంపు వాలు 37.5 డిగ్రీలు దాటకూడదు. ఎత్తు 30 మీటర్లు మించితే బెంచీలు కట్టాలి. రైలు మార్గానికి, రోడ్డుకు, భవనానికి 100 మీటర్ల లోపలికి డంపు పాదం రాకూడదు. ఆ జాబితాలో చేను పేరు లేదు, ఒర్రె పేరు లేదు. నీటి మీదా నియమాలున్నాయి: గని ముఖద్వారం అత్యధిక వరద మట్టానికి కనీసం 1.5 మీటర్ల పైన ఉండాలి. బాయిలో దిగే కార్మికుడి ప్రాణానికి అది అవసరమే, దాన్ని మేము తప్పుపట్టం. కానీ అది బయటి నీరు బాయిలోకి పోకుండా చూసే నియమం. కుప్పలో ఇంకిన నీరు ఊరి వైపు వస్తే ఏం చేయాలి? వాలుకు అంకె ఉంది, కుప్ప కడుపులోని నీటికి అంకె లేదు. మా గొడవంతా ఇక్కడే.

కుప్పను నిలబెట్టేది మట్టి రేణువుల మధ్య ఉండే రాపిడి. ముసురు నాలుగు రోజులు పట్టి రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగితే ఆ రాపిడి తగ్గుతుంది. అడుగున నల్లరేగడి ఉంటే మరీ తగ్గుతుంది. ఒర్రెను పూడ్చి దాని మీద మట్టి పోస్తే ఒర్రె పోదు, కుప్ప కింద పారుతూనే ఉంటుంది. వేసవిలో 37 డిగ్రీల దగ్గర భద్రంగా నిలిచిన వాలు శ్రావణంలో నిలవకపోవచ్చు. వేల్స్‌లోని అబెర్‌ఫాన్‌లో ఊటల మీద బొగ్గు వ్యర్థాల కుప్ప పోశారు. ప్రమాదముందని 1963లోనే స్థానిక మున్సిపల్ ఇంజినీరు బొగ్గు బోర్డుకు రాశాడు. 1966 అక్టోబరు 21న అది జారి బడి మీద పడింది. చనిపోయిన 144 మందిలో 116 మంది పిల్లలు. కుప్పల భద్రతకు అక్కడ చట్టం వచ్చింది 1969లో. మన దేశంలో 2016 డిసెంబరు 29న జార్ఖండ్‌లోని రాజ్‌మహల్ గనిలో మట్టి కూలి 23 మంది కార్మికులు పోయారు.

కాబట్టి మా డిమాండు ఒక్కటే. డంపు మీద మొదటి లారీ మట్టి పడకముందే చుట్టూ వాన నీటిని మళ్లించే గార్లాండ్ కాలువ పూర్తి కావాలి. కుప్పలోని నీటి మట్టం, వాలు కదలిక వానాకాలమంతా వారం వారం కొలిచి, కింది ఊరి గ్రామపంచాయతీ గోడ మీద తెలుగులో రాయాలి. ఆ కొలతకు ఊరి మనుషులు ఇద్దరు సాక్షులుగా ఉండాలి. గార్లాండ్ కాలువ పర్యావరణ అనుమతి షరతుల్లో ఉంది కదా అంటారు. ఉంది. దాని అమలు నివేదిక 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఏడాదికి రెండుసార్లు, జూన్ 1న, డిసెంబరు 1న పంపాలి. ఒకటి వానలకు ముందు, ఇంకొకటి వానలు వెళ్లాక! పైగా రాసేది గని యాజమాన్యమే. లెక్కలు ఊరివాళ్లకు అర్థం కావంటారు. శ్రీరాంసాగర్‌కు నిండు మట్టం 1091 అడుగులు, కడెంకు 700 అడుగులు అని ఇక్కడి రైతు నిద్రలో లేపినా చెబుతాడు. 2022 జూలైలో కడెం నిండి పొర్లినప్పుడు జనమంతా ఆ అంకెల్నే చూస్తూ కూర్చున్నారు. కుప్పలో దింపే పీజోమీటర్ చెప్పేదీ నీటి మట్టమే. డంపుల మీద మొక్కలు నాటాం కదా అంటారు. మొక్కలు పైమట్టిని కొట్టుకుపోకుండా ఆపుతాయి, మంచిదే. లోతు నుంచి జారే కుప్పను వేర్లు ఆపలేవు. పచ్చటి ఫొటో వాలు భద్రతకు సాక్ష్యం కాదు. బొగ్గు ఆగిపోతుందన్న బెదిరింపు మిగిలింది. ప్రతి వానాకాలం క్వారీల్లో నీళ్లు నిలిచి బొగ్గు ఎలాగూ ఆగుతోంది, కాలువలు తవ్వినందుకు మాత్రం కాదు.

ఇది గొలుసుకట్టు చెరువుల నేల. మిగులు నీరు పోయే మత్తడి లేకుండా ఇక్కడ ఎవరూ చెరువు కట్ట పోయలేదు. 1975లో సింగరేణి బొగ్గు గనుల్లో ఓపెన్‌కాస్టు మొదలైనప్పటి నుంచి మన కళ్లముందు కొత్త గుట్టలు లేచాయి, వాటికీ మత్తడి కావాలి. గని మూసే రోజు నేలను అందంగా చదును చేసి అప్పగిస్తే పునరుద్ధరణ అయిపోదు. ఏ వాన ఏ ఒర్రెలో పడాలో, ఏ ఒర్రె ఏ కుంట నింపాలో ముందే గీసి, పక్కన దాచిన పైమట్టిని తెచ్చి పరిచి, గనులు మిగిల్చిన బొందలగడ్డలను తిరిగి చెరువుల కింది పొలాలుగా చేయాలి. గోదావరి లోయకు ఇంతకన్నా తక్కువ మేము ఒప్పుకోం. మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణకు పిలిచి మైకు ఇచ్చి మూడు నిమిషాల్లో లాక్కుంటే, ఆ మూడు నిమిషాలూ ఇదే అడుగుతాం.

ఓసీపీ అంచున ఉన్న ప్రతి ఊరూ జూన్ 1 లోపు గ్రామసభలో ఈ ఒక్క డిమాండు మీద తీర్మానం చేసి, ఒక నకలు కలెక్టరుకు, ఒక నకలు గనుల భద్రతా డైరెక్టరేట్‌కు పంపాలని కోరుతున్నాం. సంతకంతో పాటు మీ ఊరి పక్క డంపు కింద ఏ ఒర్రె పూడిందో దాని పేరు కూడా రాయండి.