రాష్ట్ర పర్యాటక మంత్రిగారికి బహిరంగ లేఖ

అయ్యా,

రాప్తాడు నుంచి నేపాల్ బృందయాత్రకు వెళ్లొచ్చాం. చివరి మజిలీ లుంబిని. అక్కడి రాతిస్తంభం మీద అశోకుడు, బుద్ధుడు పుట్టిన ఊరని ఆ పల్లెకు పన్ను మాఫీ చేసి, పంటలో ఎనిమిదో వంతే తీసుకుంటానని బ్రాహ్మీ లిపిలో చెక్కించాడు. క్రీ.పూ. 249 ప్రాంతపు మాట. శిస్తు ఊసెత్తగానే మా వేరుశనగ రైతులు కదిలితే ఒట్టు! కరువుసీమ వాళ్లం మరి.

అదే చక్రవర్తి శాసనాలు మా గుత్తి దగ్గర ఎర్రగుడి బండల మీదా ఉన్నాయంటే, బస్సులో పరిచయమై వరసలు కలుపుకున్న గుంటూరు మిత్రులు నమ్మలేదు. సంక్రాంతికి చూడ్డానికొస్తున్నారు. ఆలోగా గుత్తి నుంచి ఆదివారాలైనా ఒక బస్సు, ఆ రాతల్ని తెలుగులో విప్పిచెప్పే గైడు ఒకరు ఉండేలా చూడండి.

ఇట్లు,
రాప్తాడు యాత్రికుడు