వేసిన బాణానికి పూచీ

పరీక్షిత్తు కథలో మనకు గుర్తుండేవి చచ్చిన పాము, శాపం, తక్షకుడు. అన్నిటికీ మూలమైన జింకను మరిచిపోతాం. ఆదిపర్వం ప్రకారం వేటకు వెళ్ళిన రాజు ఒక మృగాన్ని బాణంతో కొట్టాడు. అది కింద పడకుండా, ఒంట్లో బాణంతోనే అడవిలోకి పారిపోయింది. తన బాణం తగిలిన జంతువు బతికి తప్పించుకోవడం అంతకుముందు ఎరగనివాడు కనుక జాడ పట్టుకుని ఒంటరిగా చాలా దూరం వెళ్ళాడు. అలిసిపోయాడు, నోరెండిపోయింది. శమీక మహర్షి కనిపిస్తే, నేను కొట్టిన మృగం ఇటు వచ్చిందా అని అడిగాడు. మౌనవ్రతంలో ఉన్న ముని పలకలేదు. రాజుకు కోపం వచ్చింది. వింటికొనతో చచ్చిన పామును ఎత్తి ఆయన మెడలో వేశాడు. తరవాత శాపం, ఏడు రోజుల గడువు; భాగవతం ప్రకారమైతే గంగ ఒడ్డు, శుకుడి బోధ.

ముని ఎదుట నిలబడేదాకా పరీక్షిత్తు చేసినదాంట్లో నాకు తప్పు కనిపించదు. కొట్టాడు, కొట్టినదాన్ని వెతుక్కుంటూ వెళ్ళాడు. చెడగొట్టింది తొందర, దాంతోపాటు వచ్చిన కోపం.

ఇది ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. హైదరాబాద్ మదీనాగూడలో మా అపార్ట్‌మెంట్లలో అమెరికాలో పిల్లలు లేని ఇల్లు అరుదు. మా పై అంతస్తు పెద్దాయన ఒకరు మొన్న ఫోన్లో వీడియో చూపించారు. వాళ్ళబ్బాయి ఉండేది టెక్సస్‌లో. అక్కడ విలువిద్య నేర్చుకుని, లైసెన్సు తీసుకుని జింకవేటకు వెళుతున్నాడట. వీడియోలో జింక లేదు. ఎండిన ఓక్ ఆకుల మీద మోకాళ్ళూని కూర్చున్న కుర్రాడు, ఒక ఆకు మీద ఆవగింజంత నెత్తుటి చుక్క, వెనక కొమ్మకు కట్టిన నారింజరంగు రిబ్బను. గొంతు తగ్గించి తెలుగులోనే అంటున్నాడు: "ఇక్కడొకటి పడింది నాన్నా, తరవాతది దొరకట్లేదు." పెద్దాయన ఫోన్ పక్కన పెట్టి, "ఏమండీ, మీరు రాసేవారు కదా, ఇది పాపం కాదంటారా?" అని అడిగారు.

జీవిని సరదాకు చంపడం నాకు ఇష్టం లేదు. ఆ మాట ఆయనకు చెప్పాను, ఇక్కడా చెబుతున్నాను. అయితే ఆ వీడియోలో నన్ను కట్టిపడేసింది ఆ కుర్రాడు వెతుకుతున్న తీరు. దాని గురించి చదివినకొద్దీ, వేటను నిషేధించుకున్న మనం ఆ పద్ధతిలో నేర్చుకోవాల్సింది చాలా ఉందనిపించింది.

తుపాకీ గుండు దెబ్బలోని అదురుతోనే పడగొట్టగలదు. బాణం పని వేరు, కోసి, నెత్తురు కార్చి చంపుతుంది. గుండెకో ఊపిరితిత్తులకో తగిలినా జింక పరుగెడుతుంది, మామూలుగా నూట యాభై గజాల లోపే పడిపోతుంది. గురి జానెడు తప్పిందంటే కొన్ని గంటలు బతికి ఉంటుంది. అందుకే బాణం వదిలాక విలుకాడు పాటించాల్సిన మొదటి నియమం కదలకుండా కూర్చోవడం. జింక ఏ చెట్టు పక్కనుంచి మలుపు తిరిగిందో కంటితో గుర్తుపెట్టుకోవాలి, చెవితో వినాలి. తరవాత బాణం పడ్డ చోటికి వెళ్ళి దాన్ని చూడాలి. దాని మీది నెత్తురు నురుగుతో, లేత ఎరుపులో ఉంటే ఊపిరితిత్తులు, అరగంట ఆగి బయల్దేరవచ్చు. చిక్కగా, ముదురు ఎరుపుగా ఉంటే కాలేయం, నాలుగైదు గంటలైనా ఆగాలి. పచ్చటి జిగురు, దుర్వాసన ఉంటే పొట్టలోకి దిగిందన్నమాట, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు వదిలేయాలి. ఎందుకంటే గాయపడ్డ జింకను ఎవరూ తరమకపోతే అది దగ్గర్లోని పొదలో పడుకుంటుంది, అక్కడే ప్రాణం విడుస్తుంది. వెంటబడితే ఉన్న బలమంతా కూడదీసుకుని మైళ్ళు పోతుంది, ఎవరికీ దొరకదు, రోజంతా నరకం పడుతుంది.

వెతకడంలోనూ ఓపికే. జాడ మీద కాలు పెట్టకుండా పక్కనుంచి నడవాలి. చివరి చుక్క దొరికిన చోట గుర్తు కట్టి, తరవాతది దొరికేదాకా ముందుకు పోకూడదు. నేల మీదే కాదు, జింక నడుమెత్తులో ఉన్న ఆకుల అంచుల మీద కూడా చూడాలి. నెత్తురు ఆగిపోతే గిట్టల గుర్తులు, తొలగిన ఆకులు, విరిగిన గడ్డి. అదీ దొరక్కపోతే అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తాడు కట్టిన జాడకుక్కను పిలిపించుకోవచ్చు. జర్మనీలో విల్లుతో వేటే నిషిద్ధం, బ్రిటన్‌లోనూ జింకల మీద బాణం వాడకూడదు. అయినా తుపాకీ దెబ్బ తిన్న జంతువును వెతకడం కోసమే జర్మనీవాళ్ళు హనోవర్, బవేరియా జాతుల కుక్కలను తరాలుగా తీర్చిదిద్దుకున్నారు. టెక్సస్ చట్టమైతే సూటిగానే చెబుతుంది: కొట్టిన జంతువును వెతికి తెచ్చుకోవడానికి తగిన ప్రయత్నం చేయకుండా తెలిసి వదిలేస్తే అది నేరం.

ఇందులో మనకు దగ్గరి సంగతి ఒకటుంది. టెక్సస్ కొండల్లో వేటాడే జింకల్లో మన చుక్కల దుప్పి కూడా ఉంది. ఆ జాతిని 1930లలో తెచ్చి అక్కడ వదిలారు, ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. మన ఊరి కుర్రాడు అక్కడ, మన అడవి దుప్పి అక్కడ.

మరి ఇక్కడ? విల్లంబులతో జాడ తీసే విద్య టెక్సస్ నుంచి దిగుమతి చేసుకోవాల్సిన గతి మనకు లేదు. నల్లమల చెంచుల బతుకులో అదీ ఒక భాగంగా ఉండేది. 1940 ప్రాంతంలో అమ్రాబాద్ పీఠభూమిలో వాళ్ళ మధ్య ఉండి వచ్చిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వాళ్ళ మీద రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. వెదురు విల్లు, ఇనుప ములికి, పక్కన కుక్క. కడుపు కోసం వేటాడేవాడికి జాడ తప్పితే ఆ పూట మాంసం లేనట్టే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను ఆపేసింది. విద్య మాత్రం పోలేదు. ఇవాళ అమ్రాబాద్‌లోనూ, అటు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలోనూ అటవీశాఖ బేస్ క్యాంపుల్లో పులి అడుగుజాడ చూసి చెప్పేవాళ్ళలో చెంచులున్నారు.

ఆ చట్టాన్నే కాస్త నిదానంగా చదవండి. అందులో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, గాయపరచడం, తరమడం, వీటికి ప్రయత్నించడం కూడా వేటే. తరమడం అన్న దగ్గర నేను ఆగిపోయాను. తరమడానికి విల్లే అక్కర్లేదు.

మదీనాగూడకు ఎంతో దూరం లేని కంచ గచ్చిబౌలిలో 2025 మార్చి చివర్లో సర్కారు తరఫున జేసీబీలు దిగాయి. సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లో సుమారు వంద ఎకరాల చెట్లు రోజుల్లో నేలకూలాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపేదాకా పగలూ రాత్రీ పని నడిచింది. చీకట్లో నెమళ్ళ అరుపులు విన్నవాళ్ళకు ఇప్పటికీ ఆ మాట ఎత్తితే గొంతు పూడుకుపోతుంది. నీడ పోయిన దుప్పులు క్యాంపస్ లోపలికి, కొన్ని ఇళ్ళ వైపుకు వచ్చాయి. ఆ రోజుల్లోనే కుక్కల దాడిలో గాయపడ్డ దుప్పి ఒకదాన్ని నల్లగండ్లలోని పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు, బతకలేదు. ఏప్రిల్ 16న కోర్టు, దెబ్బతిన్న వన్యప్రాణుల రక్షణకు వెంటనే చర్యలు తీసుకొమ్మని వన్యప్రాణి వార్డెన్‌ను ఆదేశించింది.

భూమి ఎవరిదన్న వాదన కోర్టులు తేలుస్తాయి. నా ప్రశ్న అది కాదు. యంత్రం దింపే ముందు రోజు, ఇందులో ఎన్ని ప్రాణులున్నాయో, ఎటు పోతాయో చూడమని ఎవరికి అప్పగించారు? దింపిన మర్నాడు దెబ్బతిన్నవాటిని వెతకడానికి ఎవరు వెళ్ళారు? లైసెన్సు కొనుక్కుని సరదాకు బాణం వేసే కుర్రాడికి వెతకాల్సిన బాధ్యతను ఒక రాష్ట్రం చట్టంలో రాసిపెట్టింది. సర్కారు చేతిలోని యంత్రానికి ఆ పాటి బాధ్యత ఉండొద్దా?

జనం చేసేదీ చెప్పాలి. కాలనీలోకి దుప్పి వస్తే క్షణంలో గుంపు పోగవుతుంది. ఫోన్లు లేస్తాయి, పిల్లలు అరుస్తారు, సాయం చేద్దామనే మంచి మనసుతోనే నలుగురు తాడు పట్టుకుని వెంటపడతారు. తరిమిన జింకకు ఒంటి మీద గీత కూడా పడకపోవచ్చు. భయంతో, పరుగుతో కండరాలు దెబ్బతిని, గుండె ఆగి అది అప్పుడే కూలిపోవచ్చు. పట్టుకుని వదిలేశాక రెండు మూడు రోజులకు చచ్చిపోవడమూ ఉంది. పశువైద్యులకు ఇది బాగా తెలిసిన సంగతి. విలుకాడు కదలకుండా కూర్చునే కారణం, మనం గుంపును వెనక్కి పంపాల్సిన కారణం ఒక్కటే.

ప్రభుత్వానికి నా మనవి సూటిగానే ఉంది. సైబరాబాద్‌లో మిగిలిన పచ్చటి తునకల్లో, అది యూనివర్సిటీ కావచ్చు, కొత్తగూడ బొటానికల్ గార్డెన్ కావచ్చు, మియాపూర్ అడవి కావచ్చు, గాయపడ్డ జంతువును వెతకడానికి శిక్షణ ఉన్న ఒక చిన్న దళం ఉండాలి. మత్తుమందు వేయడం తెలిసిన వైద్యుడు, తడిక కట్టిన బండి, జాడ చదవగల మనిషి. ఆ మూడో మనిషిని నల్లమల నుంచి పిలవండి, గౌరవంగా, సరైన జీతంతో. దళం ఒక్కటే చాలదు. క్యాంపస్‌లో కుక్కలు దుప్పులను చంపడం 2025కు ముందూ ఉన్నదే. వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ, ఆహార వ్యర్థాలు బయట పారేయకపోవడం, ఈ రెండూ సాగితేనే అది తగ్గుతుంది.

మదీనాగూడ, చందానగర్, నల్లగండ్ల, గోపన్‌పల్లి పాఠకులకు ఒక మాట. దుప్పి కనబడితే వెంటపడొద్దు. గేటు తీసి ఉంచండి, కుక్కను కట్టేయండి, లైట్లు తగ్గించండి, పిల్లలను లోపలికి పంపండి. అది ఎటు పోయిందో, ఎక్కడ ఆగిందో, నెత్తురు ఎక్కడ పడిందో దూరం నుంచి గుర్తుపెట్టుకుని అటవీశాఖకు చెప్పండి. నంబరు తెలియకపోతే 112కు ఫోన్ చేయండి. చచ్చి కనబడితే ముట్టుకోవద్దు. అది ప్రభుత్వ ఆస్తి, మాంసం పంచుకుంటే జైలే. పొరపాటున చేతికి వచ్చినా 48 గంటల్లోగా పోలీసులకో అటవీ అధికారులకో తెలపాలని చట్టం. వాళ్ళు వచ్చేదాకా ఒకరైనా అక్కడ ఉండండి, దూరంగా, మాట్లాడకుండా.