దోమతెర మల్లెవాసనను ఆపదు

మీలో చాలామంది అరాల్డైట్ చూసే వుంటారు. రెండు చిన్న ట్యూబులు. ఒక్కొక్క దానిలోంచి కొంచెం తీసి, అట్టముక్క మీద పుల్లతో కలిపి, విరిగిన పింగాణీ బొమ్మకో ఊడివచ్చిన బీరువా పిడికో రాస్తాం. అదే ఎపాక్సీ రెజిన్. ఇప్పుడది సీసాల్లో కూడా వస్తోంది. పూలరేకుల్ని అందులో ముంచి లాకెట్లు, కీచైన్లు పోస్తున్నారు. చూడముచ్చటగా వుంటాయి, కాదనను. కాని పెట్టెలో అచ్చులు, రంగులు, మెరుపుపొడి పెట్టి, కంటికి రక్షణ మాత్రం పెట్టని అమ్మకందారుల తీరు నాకు నచ్చదు.

“ఇన్నేళ్ళూ ట్యూబుతో అతికించాం, ఎవరికేమయింది?” అని పెద్దవాళ్ళు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. జవాబు పరిమాణంలో వుంది. రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ కలిసినప్పుడు అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వల అల్లుకుంటాయి. ఆ చర్యలో వేడి పుడుతుంది. శనగగింజంత ముద్దలో పుట్టిన వేడి వెంటనే గాలిలో కలిసిపోతుంది. అదే గ్లాసు నిండా కలిపితే? వేడికి పోయే దారి వుండదు. వేడి చర్యను తొందరపెడుతుంది, చర్య మరింత వేడిని పుట్టిస్తుంది. ఒక్కొక్కసారి 100 డిగ్రీల సెల్సియస్ దాటి పొగలు వస్తాయి. మామూలుగా ద్రవంలోనే వుండిపోయే పదార్థాలు అప్పుడు ఆవిరై మీ ముక్కులోకి చేరతాయి.

“మాస్కు పెట్టుకుంటాంగా!” అంటారు మీరు. 2020లో కరోనా వచ్చింది మొదలు అందరికీ తెలిసిన మాటే అది. కాని ఏ మాస్కు? ఎన్-95 మాస్కు 0.3 మైక్రాన్ల కణాల్లో కనీసం 95 శాతాన్ని ఆపుతుంది. ఆవిరి అణువు అంతకంటే వందల రెట్లు చిన్నది. మాస్కులోని దారాలకు తగిలినా అంటుకుని వుండదు. దోమతెర దోమను ఆపుతుంది గాని మల్లెపూల వాసనను ఆపదు కదా! ఆవిరిని పట్టాలంటే ఉత్తేజిత బొగ్గు నింపిన డబ్బాలున్న మాస్కు కావాలి. ఆ బొగ్గు ఒక్క గ్రాములో వున్న సన్నసన్నని రంధ్రాల లోపలి గోడలన్నీ పరిస్తే సుమారు 1000 చదరపు మీటర్లు, అంటే దాదాపు పావు ఎకరం! ఆవిరి అణువులు ఆ గోడలకు అంటుకుపోతాయి. గోడలు నిండాక డబ్బా మార్చాలి. ఏ డబ్బా ఏ ఆవిరికి పనికొస్తుందో దానిమీదే రాసివుంటుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. ఆ మాస్కులు పెద్దవాళ్ళ ముఖాలకు తయారుచేసినవి. మీకు వదులైతే గాలి పక్కలనుంచి దూరుతుంది, బొగ్గు దండగ. అందుకే నా అభిప్రాయం ఇది: అలాంటి మాస్కు అవసరమయ్యేంత పని మీది కాదు. కలపడం, పోయడం పెద్దవాళ్ళకు వదలండి, అదీ గాలి ఆడే వరండాలో, కొంచెం కొంచెంగా. వాసన లేదని ధైర్యపడకండి. రెజిన్‌కు వాసన దాదాపు వుండదు, కాని చర్మానికి పదేపదే తగిలితే కొందరికి ఎలర్జీ వస్తుంది. ఒకసారి వచ్చిందంటే ఆ తర్వాత చుక్క తగిలినా దురదే. చేతి తొడుగులు తప్పవు.

ఆసుపత్రుల్లో, మందుల ఫ్యాక్టరీల్లో అతుకుల్లేకుండా మెరిసే నేలలు చూశారా? చాలాచోట్ల అవి ఎపాక్సీ పూతే. అక్కడ కలిపేది గ్లాసెడు కాదు, బకెట్ల కొద్దీ. ముఖానికి చేతిరుమాలు కట్టుకుని, నేలకు వంగి ఆ పని చేసేవాళ్ళకు సరైన మాస్కు కొనివ్వవలసింది పని చేయించేవారు. రుమాలు కట్టుకోవడం వాళ్ళ తప్పు కాదు.

ఎన్-95కు కూడా పనుంది: గట్టిపడ్డ రెజిన్‌ను ఉప్పుకాగితంతో రుద్దేటప్పుడు. మరునాటికే రాయిలా కనిపించినా లోపల చర్య కొన్ని రోజులు సాగుతూనే వుంటుంది. ముందే రుద్దితే ఆ ధూళిలో ఇంకా ముడిపడని పదార్థం వుంటుంది. వారం ఆగి, తడిపి రుద్దితే ధూళి లేవదు.

ఇక కళ్ళు. హార్డెనర్లలో ఎక్కువభాగం ఎమీన్లు, అంటే క్షారాలు. వెల్లవేసేటప్పుడు సున్నం కంట్లో పడితే ఎంత ప్రమాదమో ఇంట్లో పెద్దల్ని అడగండి. ఇదీ ఆ కోవలోదే. ఆమ్లం కంటి పైపొరలోని ప్రొటీన్లను గడ్డకట్టిస్తుంది, ఆ గడ్డే దానికి కొంత అడ్డవుతుంది. క్షారం కణాల పొరల్లోని కొవ్వును సబ్బుగా మార్చి లోలోపలికి పోతుంది. చదువుకునే కళ్ళజోడు చాలదు, చుక్క పక్కలనుంచి ఎగిరిపడుతుంది. చుట్టూ మూసివుండే రక్షణ కళ్ళద్దాలు కావాలి, పక్కన నిలబడి చూసేవాళ్ళకు కూడా. ఒకవేళ చుక్క పడితే నలపకండి. రెప్పలు విప్పిపట్టి, పంపు కింద మంచినీళ్ళతో కనీసం 15 నిమిషాలు కడిగి, అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తాలి. కడగకుండా వెళితే దారిపొడవునా క్షారం తన పని చేసుకుపోతుంది. సీసానూ వెంట తీసుకెళ్ళండి. దానిమీది చీటీ డాక్టరుకు అవసరమవుతుంది.