చిట్టి పెట్టె... గట్టి గొంతు!

మొన్న ఓ కుర్రాడొచ్చాడు. ఆర్కెస్ట్రాలో గిటార్ వాయిస్తాడు. అప్పు చేసైనా 100 వాట్ల ఆంప్లిఫయర్ కొంటాట్ట! "క్లాప్టన్ లాంటి సౌండ్ రావాలంటే అంతుండాలి కదా గురూగారూ?" అన్నాడు.

అక్కడే తప్పులో కాలేశాడు! 1970లో మయామీ క్రైటీరియా స్టూడియోలో 'లైలా' ఆల్బమ్ రికార్డు చేసినప్పుడు ఎరిక్ క్లాప్టన్ వాడింది ఫెండర్ వారి చిట్టి 'చాంప్'ని. బలం సుమారు 5 వాట్లు. 1950ల నాటి మోడల్లో 8 అంగుళాల స్పీకరు, 3 వాల్వులు, ఒకే ఒక్క వాల్యూమ్ నాబ్. అంతే!

మరి ఒక్క నాబ్‌తో అన్ని గొంతులెలా? అదే వాల్వు మహిమ. తగ్గించి వాయిస్తే తేటగా పలుకుతుంది. పెంచేకొద్దీ మోయలేక స్వరం బొంగురుపోతుంది. ఆ బొంగురు టక్కున రాదు, మెల్లమెల్లగా కమ్ముకుంటుంది. దాంతో నాబ్ పూర్తిగా తిప్పి వదిలేసి, గిటార్ మీది వాల్యూమ్‌తోనే ఆడుకోవచ్చు. తగ్గిస్తే మెలొడీ, పెంచితే రాక్! తీగ మీటే వేలి బరువుకు కూడా గొంతు మారుతుంది.

100 వాట్ల దాన్ని ఇంట్లో అంతలా అరిపిస్తే ఇంటివారు సామాన్లు వీధిలో పెట్టిస్తారు. (స్వానుభవం. రెండిళ్లు మారాను.)

డ్రమ్స్ పక్కన దీని మాట వినపడదు, నిజమే. స్టేజీ మీద ముందో మైకు పెట్టాల్సిందే. స్టూడియోలోనూ చేసేదదే. మైకుకి పెట్టె సైజుతో పనేముంది?

కుర్రాడి చేత నా 5 వాట్ల వాల్వు పెట్టె మీద వాయింపించాను. పావుగంట మాట్లాడలేదు. "రెండ్రోజుల్లో తెచ్చిస్తా" అంటూ చంకన పెట్టుకుపోయాడు.

ఇవాళ్టికి వారం!