కిరాతుని పరీక్ష

1987లో వెలువడిన ‘ప్రెడేటర్’ అను ఆంగ్ల చలనచిత్రమున ఒక అన్యలోకపు వేటకాడు కలడు. ఎండలు మిక్కుటమైన ఏండ్లలోనే అతడు భూమిపై దిగునట. ఆ లెక్కన మొదట శింగనమలకే రావలసియుండెను! అతడు ఆకలిచే చంపడు; పగచే చంపడు. నిరాయుధులను విడిచి, సాయుధులనే వేటాడి, వారి కపాలములను దాచుకొనును. దీటైనవానిని గెలిచితినన్న కీర్తియే అతని కోరిక.

ఈ కథ మనకు క్రొత్తది కాదు. శింగనమలనుండి విజ్ఞానయాత్రకై లేపాక్షికి పోవు విద్యార్థులు వీరభద్రాలయపు కప్పుపై 16వ శతాబ్దినాటి కిరాతార్జునీయ చిత్రములను చూడగలరు. అందును వేటకాడు అన్యలోకమువాడే. ఒక్క పందిపై ఇరువురి బాణములు నాటినవి. వేట ఎవరిదను కలహము పుట్టినది. విల్లు పోయినను అర్జునుడు వట్టిచేతులతో పోరెను. చలనచిత్రమునందును తుదిపోరున వేటకాడు తన యంత్రాయుధమును విడుచును.

భేదము ఫలితమున కలదు. ఓడిన అన్యలోకవాసి తన్ను తాను ప్రేల్చుకొని, గెలిచినవానిని గూడ చంపజూచును. శివుడో, అర్జునుని శౌర్యమునకు మెచ్చి పాశుపతము నొసగెను. ఎదుటివాని బలము ఒకనికి దోచుకొనదగినది, మరొకనికి పెంచదగినది.

1972నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముతో మనదేశమున పులివేట నేరమైనది. కాని తోడివానిని ఓడించుటయే విద్యయను తలంపు తరగతిగదులను వీడలేదు. ర్యాంకుల పట్టిక కపాలముల గోడ కారాదు. ఉపాధ్యాయుడు కిరాతునివలె కఠినముగా పరీక్షింపవచ్చును. కాని పిదప అస్త్రమును శిష్యుని చేతికీయవలెను.