అచ్చు గుద్దినట్టుంటే సరిపోతుందా?



మొన్నటి మీటింగులో బొమ్మ కార్ల కోసం పెద్దమనుషులు గొంతులు చించుకున్నారన్న మాట గౌరిబిదనూరు దాకా పాకింది. ఫోన్లు చేసి "ఏమప్పా, మీకు వేరే పని లేదా?" అని అడుగుతున్నారు. ఇదీ పనే అని చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నాము. ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

తెలియనివాళ్లకు ముందు సంగతి చెప్పాలి. మన మంచేనహళ్ళిలో నలుగురైదుగురు పిలకాయలు రెండేళ్లుగా అరచేతిలో పట్టే కార్ల బాడీలు పోత పోస్తున్నారు. మామూలు కార్లు కాదు, డ్రాగ్ కార్లు. రెండు బండ్లు పక్కపక్కన నిలబడి, తిన్నని దారిలో పావు మైలు, అంటే 402 మీటర్లు, ఎవరు ముందు దాటితే వాళ్లది గెలుపు. మలుపు లేదు, రెండో చుట్టు లేదు. కన్ను మూసి తెరిచేలోపు అయిపోతుంది. అమెరికాలో పుట్టిన ఆట ఇది. అక్కడ దీన్ని నడిపే ఎన్.హెచ్.ఆర్.ఏ. సంస్థ 1951లో మొదలైంది. వాళ్ల పెద్ద తరగతి బండ్లు గంటకు 500 కిలోమీటర్లు దాటిపోతాయి. 2008లో స్కాట్ కాలిట్టా అనే డ్రైవరు పరుగులోనే చనిపోయాక ఆ తరగతులకు దూరాన్ని వెయ్యి అడుగులకు తగ్గించారు.

ఆ బండి రూపమే వేరు. వెనక చక్రాలు ట్రాక్టరు చక్రాల మాదిరి లావు, ముందువి సైకిలు చక్రాల మాదిరి సన్నం. ముక్కు పొడుగు, పైకప్పు కిందికి అణచినట్టుంటుంది. ఇంజను బానెట్‌ను చీల్చుకొని పైకి వస్తుంది. ఆగడానికి వెనక ఒక పారాచూట్. మ్యాటెల్ కంపెనీ 1968లో హాట్ వీల్స్ కార్లు తెచ్చింది, మొదట 16 మోడళ్లు. రెండేళ్లకే డాన్ ప్రుడోమ్, టామ్ మెకీవెన్ అనే ఇద్దరు డ్రాగ్ రేసర్లకు డబ్బు పెట్టి, వాళ్ల బండ్లనే బొమ్మలు చేసి అమ్మింది. ఒకాయనకు పాము అని పేరు, ఇంకొకాయనకు ముంగిస. సంతలో పాముకూ ముంగిసకూ కొట్లాట పెడతానని జనాన్ని కూడేసి, కొట్లాట పెట్టకుండానే మందు అమ్ముకొని పోయే మనిషి మనకూ తెలుసు. అక్కడ మటుకు కొట్లాట పెట్టే అమ్మారు.

ఇక మన పిలకాయల దగ్గరికి వద్దాము. అందరూ విదేశీ బండ్లే చేస్తుంటే, ఒక పిలగాడు మారుతి 800ను డ్రాగ్ కారు చేశాడు. వాళ్ల నాయన మొదట కొన్న కారు అదే. పెద్ద మారుతి పొడవు 3,335 మిల్లీమీటర్లు. దాన్ని 64తో భాగించితే 52 మిల్లీమీటర్లు, మన చిటికెన వేలంత. మొదట దుకాణంలో దొరికే ఒక చిన్న కారు కొని, అడుగున ఉన్న రివిట్లను డ్రిల్లుతో తీసి, రంగు ఊడదీసి, ఆ లోహపు డొల్ల మీద పుట్టీ పెట్టి పెంచాడు. కప్పు కోసి దించాడు. వెనక చక్రాల చోటు వెడల్పు చేశాడు. ఎండినాక నీళ్లకాగితంతో గీకడం, మళ్లీ పుట్టీ, మళ్లీ గీకడం. చివరికి లోపలి డొల్ల జాడే లేకుండా పోయింది. అమ్మ తిట్టింది, అక్క పెళ్లికి కూడా గోళ్ల సందుల్లో పుట్టీతోనే వచ్చాడు. దీనికి రెండు నెలలు పట్టింది. ఇది మూల బొమ్మ.

తర్వాత అచ్చు. మూల బొమ్మ లోపలి ఖాళీని మెత్తమట్టితో నింపి, చుట్టూ ప్లాస్టిక్ పలకలతో పెట్టె కట్టి, సిలికాన్ రబ్బరు పోస్తారు. ఇక్కడే ఒకసారి మొత్తం పాడైంది. బడి పిల్లలు ఆడుకొనే రంగుమట్టి కొన్నింటిలో గంధకం ఉంటుంది. ప్లాటినంతో గట్టిపడే సిలికాన్‌కు గంధకం తగిలితే అది గట్టిపడదు, జిగటగా నిలిచిపోతుంది. కిలో సరుకు పారబోశారు. రెండోసారి గంధకం లేని మట్టి తెచ్చి, సన్నని దారలా, ఎత్తు నుంచి, పెట్టె మూలలో పోశారు. అట్లా పోస్తే గాలి బుడగలు దారలోనే చితికిపోతాయి. ఒక సగం గట్టిపడినాక తిప్పి, వాజిలీను పూసి, రెండో సగం. పూయడం మరిచారంటే రెండు సగాలూ కలిసిపోయి కూర్చుంటాయి. ఆ అచ్చులో రెండు డబ్బాల పాలీయురేథేన్ రెజిన్ కలిపి పోస్తే నిమిషాల్లో గట్టిపడుతుంది. వానాకాలంలో పోస్తే గాలిలోని తడి తగిలి లోపల నురుగొస్తుంది. చౌతి పండగ ముందు పోసినవన్నీ జల్లెడ మాదిరి వచ్చాయి, వాటిని చూసి మేమే నవ్వాము.

బాగా వచ్చినవాటిని బెంగళూరులో ఇలాంటివి దాచుకొనేవాళ్లకు అమ్మాడు. సంతోషమే. ఒక నెల తర్వాత ఇంకెవరో అదే మారుతిని, అదే రూపంలో, సగం ధరకు అమ్మడం మొదలుపెట్టారు. మనవాడి దగ్గర కొన్న బండినే సిలికాన్‌లో ముంచి, అచ్చు తీసుకొన్నారు. ఎట్లా తెలిసిందంటారా? మూల బొమ్మకు ఎడమవైపు వెనక చక్రం పైన, ఆకురాయి జారి పడిన సన్నని గీత ఒకటి ఉంది. పిలగాడు దాన్ని పూడ్చకుండా వదిలేశాడు. వాళ్ల బండిలోనూ ఆ గీత అక్కడే ఉంది. ఇంకొకటి, వెర్నియర్ పెట్టి కొలిస్తే వాళ్ల బండి అర మిల్లీమీటరు పొట్టి. పోసిన ప్రతిసారీ సరుకు కొంచెం కుంచించుకుపోతుంది కాబట్టి, నకలుకు నకలు తీస్తే అది ఇంకాస్త చిన్నదవుతుంది. దొంగతనానికి కొలత దొరకడం ఇదే మొదటిసారి చూశాము.

మీటింగులో గొడవ దీని మీద కాదు. దసరా బొమ్మల కొలువు పక్కన పిలకాయల బండ్లకు ఒక బల్ల పెడదామని నిరుడే అనుకొన్నాము. ఈ ఏడు ఇంకో ఇద్దరు పిలకాయలు కూడా బండ్లు తెచ్చారు. చూస్తే వాటిలో మూడు, పరాయి దేశం చేతిపనివాళ్ల రెజిన్ బాడీలను కొని అచ్చు తీసినవే. "మా మారుతిని దొంగిలించారు" అని నెల పొడుగునా ఏడ్చిన మనమే, ఈ మూడింటిని బల్ల మీద పెడదామా? అక్కడ మొదలైంది గలాటా.

ఒక పెద్దాయన అన్నాడు: "రోడ్డు మీద ఆర్‌ఎక్స్ 100 స్టిక్కర్లు, కంపెనీ పేర్లున్న చొక్కాలు, అన్నీ నకలే కదా. పిలకాయలు సరదాకు పోసుకొంటే ఏం పోయింది?" ఇంకొకాయన ఇంకా గట్టిగా అడిగాడు: "మీ వాడు మటుకు ఎవరి బండి మీద పుట్టీ పెట్టాడు? కంపెనీ డొల్ల మీదే కదా? మారుతి రూపం వాళ్ల తాతదా?"

ఈ రెండో ప్రశ్న మమ్మల్ని రెండు రాత్రులు నిద్రపోనియ్యలేదు, నిజం చెబుతున్నాము. అడిగినాయన అబద్ధం చెప్పలేదు. కానీ రెండూ ఒకటి కావని మా అభిప్రాయం. కంపెనీ డొల్ల లోపల ఉండిందే గాని, చివరికి చేతికొచ్చిన రూపంలో దాని గీత ఒక్కటీ మిగల్లేదు. మారుతిని చూసి మారుతి మాదిరి చెక్కడం వేరు, ఒకడు చెక్కిన మారుతిని రబ్బరులో ముంచి లేపడం వేరు. మొదటిదానికి కన్ను కావాలి, రెండు నెలలు కావాలి. రెండోదానికి ఒక రాత్రి చాలు. ఇంట్లో చిన్నపిల్ల పక్కవాళ్ల ముగ్గు చూసి తన వాకిట్లో వేసుకొంటే ఎవరూ దొంగ అనరు. పక్కవాళ్ల వాకిలిని ఫోటో తీసి స్టిక్కరు కొట్టించి అమ్మితే అంటారు.

పోతలో రెండు రకాలున్నాయి. స్వామిమలైలో పంచలోహ విగ్రహాలు పోసేవాళ్లు మొదట మైనంతో బొమ్మ చేసి, దానికి మట్టి పట్టించి, కాల్చి మైనాన్ని కరిగించి పోగొట్టి, ఆ ఖాళీలో లోహం పోస్తారు. విగ్రహం బయటికి రావాలంటే మట్టి అచ్చును పగలగొట్టాలి. కాబట్టి ఒక అచ్చుకు ఒకే విగ్రహం. రెండోది కావాలంటే మళ్లీ మైనం, మళ్లీ చెయ్యి. సిలికాన్ అచ్చు అట్లా కాదు, జాగ్రత్తగా వాడితే పదులకొద్దీ కాపీలిస్తుంది. అచ్చు పగిలే పనిలో దొంగతనానికి కష్టం ఎక్కువ. అచ్చు మిగిలే పనిలో నీతిని మనమే పెట్టుకోవాలి. వినాయకుల బొమ్మలు చేసే కుమ్మరుల్లో కూడా, ఒకరి ముఖం అచ్చును ఇంకొకరు చెప్పకుండా ఎత్తుకొంటే మాటలు తెగిపోతాయి. అడిగి తీసుకొంటే అది వేరే లెక్క.

చట్టం సంగతి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే "కోర్టుకు పోదాము" అని యువకులు ఎగిరారు. వస్తువు రూపానికి మన దేశంలో 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం ఉంది. నమోదు చేసుకొంటే పదేళ్లు, ఇంకో ఐదేళ్లు పొడిగింపు. అట్లా నమోదు చెయ్యగలిగిన రూపాన్ని నమోదు చెయ్యకుండా, యంత్రాల పద్ధతిలో యాభైకి మించి తయారుచేస్తే, దాని మీద కాపీరైట్ కూడా పోతుందని కాపీరైట్ చట్టం 15వ సెక్షన్ చెబుతుంది. అంటే చట్టం నిన్ను కాపాడాలంటే నువ్వు ముందే కాగితం చేసుకొని ఉండాలి. అరచేతి మారుతికి ఎవడు కాగితం చేయించుకొంటాడు? అందుకే కోర్టు మాట పక్కన పెట్టి, మన బల్ల మీద ఏముండాలో మనమే తేల్చుకొందామన్నాము.

"ఎందుకింత పట్టుదల, బొమ్మలే కదా" అన్నవాళ్లకు ఇంకో మాట. ఈ పిలకాయల్లో ఇద్దరు, మూడేళ్ల కిందట రాత్రిపూట హైవే మీద బైకు ముందు చక్రం లేపి పందేలు కట్టినవాళ్లే. ఒకడి మోచేతిలో ఇప్పటికీ రాడ్డుంది. రోడ్డు మీద పందెం పెట్టుకొంటే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద మూడు నెలల జైలు, లేదా ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ భయంతో ఎవడూ మానలేదు. చేతికి పని దొరికి మానారు. 402 మీటర్లను 64తో భాగించితే ఆరు మీటర్ల ఇరవై ఎనిమిది సెంటీమీటర్లు వస్తుంది, ఇరవై ఒక్క అడుగుల లోపే. మన సంఘం హాలు దానికంటే పొడుగు. చెక్క పలకలతో ఏటవాలు దారి కడితే, వాళ్ల పావు మైలు మన పైకప్పు కిందే సరిపోతుంది. అట్లాంటి పిలగాడికి "నీ రెండు నెలల పనీ, వాడి ఒక్క రాత్రి పనీ మాకు ఒకటే" అని పెద్దవాళ్లే చెబితే, వాడు మళ్లీ పుట్టీ ఎందుకు పట్టుకొంటాడు?

మధ్యలో ఒక హెచ్చరిక, తల్లిదండ్రులు చదవండి. రెజిన్ డబ్బాల్లో ఒకదానిలో ఐసోసయనేట్లు ఉంటాయి. ఆవిరి పీలిస్తే ఆస్తమా పట్టుకోవచ్చు, ఒకసారి పట్టుకొంటే కొంచెం వాసన కూడా పడదు. వంటింట్లో, పడకింట్లో పోయనివ్వకండి. గాలి ఆడే చోట, గ్లవుసులు, కార్బన్ ఫిల్టరున్న మాస్కు ఉండాలి. ముఖానికి తువ్వాలు చుట్టుకొంటే చాలదు. గీకేటప్పుడు దుమ్ము లేవకుండా నీళ్లు పోసి గీకాలి. ఇంకొకటి, వీటిని చిన్నపిల్లలకు ఆటసామానుగా అమ్మకూడదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లల ఆటబొమ్మలకు 2021 జనవరి నుంచి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. మనవి అద్దాల బీరువాలో పెట్టుకొనేవి, అట్లనే చెప్పి అమ్మాలి. సంఘం హాలు వెనక రేకుల షెడ్డు ఖాళీగానే ఉంది. రెండు కిటికీలు తెరిచి, ఒక ఎగ్జాస్టు ఫ్యాను పెడితే పని జరుగుతుంది. ఫ్యాను డబ్బులకు మేము నలుగురం ఒప్పుకొన్నాము.

ఇక బల్ల సంగతి. ఆ మూడు బండ్లు తెచ్చిన పిలకాయల మీద మాకు కోపం లేదు. దారి చూపించినవాళ్లు లేక ఫోన్లో చూసి నేర్చుకొన్నారు. వీడియోలో అచ్చు తియ్యడం చూపిస్తారు గాని, ఎవరి బొమ్మకు తియ్యాలో చెప్పరు. వాళ్లను పిలిచి మాట్లాడాము. ఒకడు ముఖం ముడుచుకొని పోయాడు, ఇంకా రాలేదు. ఇంకొకడు ఆ బాడీ చేసిన విదేశీ ఆయనకే మెసేజ్ పెట్టాడు, తన ఇంగ్లీషులో. ఆయన జవాబు రాశాడు: అమ్మకుండా, పక్కన నా పేరు రాసి పెట్టుకో, ఏమీ అనుకోను అని. అడిగితే ఇంత తేలికగా అయిపోయే పనికి మేము మూడు గంటలు అరుచుకున్నాము.

కాబట్టి మేము కమిటీకి ఇచ్చిన మాట ఇది. దసరా బల్ల మీద ప్రతి బండి పక్కన ఒక చీటీ ఉంటుంది: మూల బొమ్మ ఎవరు చేశారు, పోత ఎవరు పోశారు, రంగు ఎవరు వేశారు. మూల బొమ్మ చేసినవాళ్లు తెలియకపోయినా, వాళ్లు ఒప్పుకోకపోయినా ఆ బండి బల్ల ఎక్కదు. చీటీ కన్నడలో, తెలుగులో రెండింట్లో రాస్తాము. ఇంట్లో తెలుగు మాట్లాడి బడిలో కన్నడ చదివే ఊరు మనది, ఏ ఒక్కదానిలో రాసినా సగం మందికి కళ్లజోడు వెతుక్కోవాల్సిన పని పడుతుంది. దీన్ని కాదనేవాళ్లు వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు హాలుకు రండి. కొత్త మూల బొమ్మ మొదలైంది, ఈసారి అంబాసిడర్. దాని కప్పు ఎంత దించాలన్నది ఇంకా తేలలేదు, ఆ గొడవకూ మనుషులు కావాలి.